ఒక్క ఓటు పాస్టరు

ఆ సంఘంలో పాస్టర్ల అసలు పేర్లు రికార్డుల్లోనే ఉంటాయి. జనం నోళ్ళలో నానేవి వేరు. మొట్టమొదటాయన నడక పాస్టరు. సైకిలు కొనిస్తామన్నా వద్దని, ఇరవై ఏళ్ళు చెప్పులరిగేలా ఇల్లిల్లూ తిరిగాడు. రెండో ఆయన గొడుగు పాస్టరు. ఎండా వానా రెండూ లేని రోజున కూడా గొడుగు లేకుండా గడప దాటి ఎరగడు. మూడో ఆయన గంట పాస్టరు. ప్రసంగం గంటకి ఒక్క నిమిషం తగ్గినా వాక్యానికి అన్యాయం జరిగినట్టు బాధపడేవాడు. నాలుగో ఆయన అత్తరు పాస్టరు. ఆయన వీధి మలుపు తిరగ్గానే ముక్కులకి కబురందేది. ఐదో ఆయన ఒక్క ఓటు పాస్టరు. ఆరో ఆయన, అంటే ఇప్పుడున్నాయన, ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చినా ఇంకా చిన్న పాస్టరే. వేరే పేరేం పడుతుందోనని ఆయన భయం ఆయనది.

బాప్టిస్టు సంఘం అది. రెండు విషయాల్లో వాళ్ళు ఎవరి మాటా వినరు. మనిషి తనంతట తాను నమ్మి, నలుగురి ముందు సాక్ష్యం చెప్పి, తొట్టిలో నిలువునా మునిగితేనే బాప్తిస్మం. నెత్తిన నాలుగు చుక్కలు చిలకరిస్తే లెక్కలోకి రాదు. ఇక రెండోది, పాస్టర్ని పైనుంచి ఎవరూ పంపరు. అలా మునిగిన సభ్యులంతా కూర్చుని చేతులెత్తి పిలుచుకోవాలి. పిలిస్తే పాస్టరు. పిలవకపోతే ఎంత చదివినవాడైనా వచ్చిన దారినే వెళ్ళాలి. ఈ రెండింటినీ చూసుకుని వాళ్ళకి కాస్త గర్వం కూడా ఉంది. ఉండనివ్వండి, మనకేం పోయింది.

ఆ సంఘానికి నూరేళ్ళు నిండబోతున్నాయి. చరిత్ర పుస్తకం వెయ్యాలన్నారు. గుమ్మం పక్క గోడకి ఆరుగురు పాస్టర్ల పేర్లూ చెక్కిన నల్లరాతి పలక బిగించాలన్నారు. రెండు పనులూ ఎవరికి అప్పజెప్పాలన్న దగ్గర మాత్రం చర్చే జరగలేదు. అందరూ ఒకేసారి ప్రూఫులమ్మ వైపు తిరిగారు.

ప్రూఫులమ్మకి అరవై ఎనిమిదేళ్ళు. అచ్చాఫీసులో ముప్ఫై ఐదేళ్ళు ప్రూఫులు దిద్దింది. సంఘానికి ముప్ఫై మూడేళ్ళుగా కార్యదర్శి. పెళ్ళి శుభలేఖ చేతికిస్తే ముహూర్తం కంటే ముందు అచ్చుతప్పు చూస్తుంది. ఆదివారం పాటల కాగితంలో ఒక్క దీర్ఘం ఎగిరిపోయినా ఆవిడకి పాట సాగదు. ఎదుటివాళ్ళ తప్పు పట్టుకోవడం ఆవిడకి సరదా అనుకునేవాళ్ళున్నారు. అది అన్యాయం. తప్పు కనపడ్డాక దాన్ని అక్కడే వదిలేసి వెళ్ళడం ఆవిడకి చేతకాదు, అంతే.

ఒక గురువారం మధ్యాహ్నం గుడి వెనక గదిలో ఇనప బీరువా తెరిచి, పాత మినిట్సు పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. నాలుగో పుస్తకం సగంలో గంట పాస్టరు కాలం నాటి బాప్తిస్మాల ఆదివారం వచ్చింది. ఆవిడ మొహం విప్పారింది. ఆ రోజు తొట్టిలోకి దిగిన పదకొండు మందిలో ఆఖరిది తనే. అప్పటికి పదిహేనేళ్ళ పిల్ల. తన పేరు ఎలా రాశారో చూద్దామని వేలు పెట్టి చదువుకుంటూ పోయింది. ఆ వేలు ఓ చోట ఆగిపోయింది.

"పదకొండవ అభ్యర్థిని విషయమున, తొట్టి పగులు నుండి నీరు కారిపోయి మోకాటి లోతునకు తగ్గినందున, మునక పూర్తి కాలేదు. మరమ్మతు అయిన పిమ్మట ఆమెకు తిరిగి ఇవ్వవలెను."

మూడుసార్లు చదివింది. నాలుగోసారి కళ్ళజోడు తుడుచుకుని చదివింది. కళ్ళజోడులో దోషమేమీ లేదు.

తర్వాతి పేజీలు గబగబా తిప్పింది. మూడు వారాలకి గంట పాస్టరు వేదిక మీదే గుండె పట్టుకుని కూలిపోయాడు. సంఘం దుఃఖంలో పడింది. తొట్టి బాగుచెయ్యడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా కార్యదర్శి మారాడు. కొత్తాయన అభ్యర్థుల చిట్టా చూసి పదకొండు పేర్లనీ సభ్యుల రిజిస్టరులో చక్కగా ఎక్కించేశాడు. తిరిగి ఇవ్వవలెను అన్న ముక్క ఈ పుస్తకంలోనే మూతపడి యాభై మూడేళ్ళు పడుంది.

ఆవిడకి ఆ రోజు బాగానే గుర్తుంది. మొదటి పదిమంది దిగేసరికి నీళ్ళు అడుగంటుతున్నాయి. గంట పాస్టరు ఆవిణ్ణి మోకాళ్ళ మీద కూర్చోబెట్టి వెనక్కి వంచాడు. వీపు తడిసింది, జుట్టు తడిసింది, చెవుల దాకా నీళ్ళొచ్చాయి. మొహం మాత్రం పైనే ఉండిపోయింది. కప్పు మీది దూలం, దానికి వేలాడే బూజు కూడా కనిపించాయి. "ప్రస్తుతానికి లే తల్లీ," అన్నాడాయన. తొట్టి నేలలోకి దిగి ఉంటుంది కాబట్టి బల్లల మీద కూర్చున్నవాళ్ళకి లోపలేం జరిగిందో తెలియదు. తడి జుట్టుతో పైకి రాగానే పాట అందుకున్నారు. పదిహేనేళ్ళ పిల్ల, పెద్దవాళ్ళు పాడుతుంటే మధ్యలో ఆగండని ఎలా అంటుంది?

కానీ ఎప్పుడైనా ఎవరైనా తమ బాప్తిస్మం గురించి చెబుతూ, నీళ్ళలోకి వెళ్ళగానే లోకమంతా చీకటైపోయి శబ్దం ఆగిపోయిందంటే, ప్రూఫులమ్మ మాట మార్చేది. ఆ సంగతి ఆవిడకి ఇన్నేళ్ళూ తెలుసు. తెలిసీ తెలియనట్టు ఊరుకుంది. అందుకే ఆ రాత చూడగానే ఆశ్చర్యం కంటే ముందు సిగ్గేసింది.

పుస్తకం మూసెయ్యబోయింది. అప్పుడు అసలు సంగతి బుర్రకెక్కింది. మునగనివాళ్ళు సభ్యులు కారు. సభ్యులు కానివాళ్ళకి ఓటు లేదు. మరి ఒక్క ఓటు పాస్టరో?

ముప్ఫై ఒక్క ఏళ్ళ నాటి మాట. అత్తరు పాస్టరు వెళ్ళిపోయాక ఆ స్థానానికి ఒక మనిషి వచ్చి పరీక్ష ప్రసంగం చేశాడు. నలభై ఎనిమిదేళ్ళవాడు. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి, ఆలస్యంగా వేదాంత పాఠశాలకి వెళ్ళాడు. గోళ్ళ సందుల్లో నల్లదనం ఇంకా వదల్లేదు, చొక్కాకి మెడ దగ్గర గుండీ లేదు. ప్రసంగం మధ్యలో ఆగి, "ఈ వచనానికి అర్థం నాకింకా తెలియదండీ, తెలిసినప్పుడు చెబుతాను," అన్నాడు. సగం మందికి ఆ మాట నచ్చింది. మిగతా సగం ముక్కున వేలేసుకున్నారు. ఆ మిగతా సగానికి నాయకుడు దర్జీ. గుండీ పెట్టుకోవడం చేతకానివాడు సంఘాన్నేం చూసుకుంటాడని ఆయన వాదన. దర్జీ బావమరిది కూడా పాస్టరే, ఆ స్థానం కోసం ఎదురుచూస్తున్నాడన్నది ఆయన పైకి చెప్పని వాదన.

ఆ సంఘంలో ఓటింగుకి ఒక పద్ధతుంది. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకుంటారు. అలా మూసుకునే చేతులెత్తుతారు. ఎవరు ఎటు ఎత్తారో మొగుడికి పెళ్ళాం సంగతి కూడా తెలియకూడదు. కళ్ళు తెరిచి ఉండేది లెక్కపెట్టే కార్యదర్శి ఒక్కరే. చూసింది నోరు దాటనివ్వనని దేవుడి ముందు మాటిచ్చాకే లెక్కపెట్టాలి. ఆ రోజు లెక్కపెట్టింది ప్రూఫులమ్మే. వద్దన్నవి నలభై. కావాలన్నవి నలభై. సమానమైతే వీగిపోయినట్టే అని నియమం. ఆవిడ మళ్ళీ లెక్కపెట్టింది, మళ్ళీ అంతే. అప్పుడు తన కుడిచెయ్యి తనే పైకెత్తి, ఆ చేతిని కూడా లెక్కలో వేసుకుని, "నలభై ఒకటి," అని ప్రకటించింది. తెలియదని ఒప్పుకున్న మనిషిని వదులుకోవడం ఆవిడకి ఇష్టం లేకపోయింది.

అలా వచ్చినవాడు ఇరవై రెండేళ్ళు ఉన్నాడు. ఊళ్ళో మిల్లు మూతబడి జనం రోడ్డున పడ్డప్పుడు గుడి హాల్లో పొడుగాటి బల్లలు వేయించి, పంపులూ కుట్టుమిషన్లూ బాగుచెయ్యడం నేర్పాడు. ఆ బల్లల దగ్గర బతుకుతెరువు దొరికినవాళ్ళు వాక్యం వినడానికి కూడా కూర్చున్నారు. ఎనభై మంది ఉన్న సంఘం రెండువందల నలభై అయింది. ఇప్పుడు ఎవర్ని కదిపినా, ఆయన కాలమే కాలం అంటారు.

ఆ కాలమంతా నిలబడింది తన చేతి మీద. ఆ చెయ్యి చెల్లదు.

రాతి పలక చెక్కే మనిషి అచ్చుకాగితం పంపాడు. సరిచూసి సోమవారానికల్లా సంతకం చేసివ్వాలి. ఐదో వరసలో ఒక్క ఓటు పాస్టరు అసలు పేరు, ఆయన ఉన్న సంవత్సరాలు ఉన్నాయి. అక్షరదోషం ఒక్కటీ లేదు. అయినా ప్రూఫులమ్మ కలం కదల్లేదు. తను నోరు విప్పితే ఆ వరస ఉంటుందో పోతుందో తెలియదు. విప్పకపోతే తన సంతకంతో ఒక అబద్ధం రాయిలో కూర్చుంటుంది.

ఇంటికెళ్ళి వదినతో చెప్పింది. వదిన అంటే పోయిన అన్నగారి భార్య, ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఏ విషయంలోనూ ఏకీభవించకపోవడం వాళ్ళకి కాలక్షేపం.

"చెవులు మునిగాయా?" అంది వదిన, ఉతికిన దుప్పటి మడతపెడుతూ.

"మునిగాయి."

"జుట్టు?"

"అదీ మునిగింది."

"మరింకేం? ముక్కొక్కటేగా మిగిలింది. దేవుడు ముక్కులు చూసుకుంటూ కూర్చుంటాడా? అంత బెంగగా ఉంటే స్నానాల గదిలో బకెట్టుంది. తల ముంచు. నేనే సాక్షిని."

"వదినా, వేళాకోళం కాదు."

"వేళాకోళం నీదా నాదా? యాభై మూడేళ్ళు ఎవరికీ పట్టని సంగతి. నువ్వు నోరు మూసుకుంటే దానంతటదే చస్తుంది. తెరిచావనుకో, ఆ పెద్దమనిషి పరువు బజారున పడుతుంది. ఎవరికోసం?"

ప్రూఫులమ్మ దుప్పటి రెండో కొస అందుకుంది. వదిన మాట కొట్టిపారేసేది కాదు. తన పరువంటే తన ఇష్టం. ఆయనది తీసే హక్కు తనకెక్కడిది? అందుకే మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, రెండు గంటల దూరంలో కూతురి దగ్గర ఉంటున్న ఆయన ఇంటికి వెళ్ళింది.

డెబ్బై తొమ్మిదేళ్ళ ఒక్క ఓటు పాస్టరు వసారాలో పీట మీద కూర్చుని ఎవరిదో టేబులు ఫ్యాను విప్పుతున్నాడు. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి కాబట్టి లేవలేదు. "రా చెల్లెమ్మా, రా. ఆ స్క్రూ ఎటు దొర్లిందో చూడు," అన్నాడు.

ఆవిడ స్క్రూ వెతికిచ్చి, ఎదురుగా కూర్చుని, ఒక్క ముక్క మింగకుండా అంతా చెప్పింది. ఆయన మొదట నవ్వాడు. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"అంటే, ఇరవై రెండేళ్ళు అప్పాయింట్‌మెంటు ఆర్డరు లేకుండానే పనిచేశానా?"

"నవ్వకండి అయ్యగారూ. నాకు ఏడుపొస్తోంది."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఫ్యాను రెక్కని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు బట్టతో తుడుస్తూ కూర్చున్నాడు. ఆ రెక్క అప్పటికే శుభ్రంగా ఉంది.

"ఒక్క ఓటు, ఒక్క ఓటు అని పిలుస్తుంటే నాకు బాగుండేది తెలుసా," అన్నాడు చివరికి. "ఎప్పుడైనా పొగరెక్కితే, ఒరేయ్, నీకున్నది ఒక్క ఓటే అని చెప్పుకునేవాణ్ణి. ఆ ఒక్కటీ లేదంటే..."

"నేను చెప్పను. ఆ పుస్తకం బీరువాలో పెట్టేసి తాళం వేస్తాను. మీరు ఊఁ అనండి చాలు."

"అనను." ఆయన తలెత్తాడు. "సంఘం పిలిస్తేనే నేను పాస్టర్ని. పిలవలేదంటే కాను. అంతకంటే ఏముంది? వెళ్ళి వాళ్ళకి చెప్పు. నేనూ వస్తాను. వాళ్ళేమంటారో నా చెవులతో వినాలి." ఫ్యాను రెక్క మళ్ళీ చేతిలోకి తీసుకుని, "భయంగానే ఉందనుకో," అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక సభ్యుల కూటం పెట్టారు. చిన్న పాస్టరు అధ్యక్షుడు. ప్రూఫులమ్మ వేదిక ముందు నిలబడి మినిట్సు చదివింది. తర్వాత తన నోటితోనే చెప్పింది, ఆ రోజు నలభై ఒకటో చెయ్యి తనదేనని. ఒక్క మాట కూడా తడబడలేదు. ఆ మరుక్షణం అందరూ ఒక్కసారే మాట్లాడ్డం మొదలుపెట్టారు.

ఇప్పుడివన్నీ ఎందుకు తవ్వడం అన్నారు కొందరు. నియమం నియమమే అన్నారు కొందరు. అయితే ఆయన చేసిన పెళ్ళిళ్ళ సంగతేమిటని ఒకావిడ గాభరాగా అడిగి, మొగుడి వైపు అదోలా చూసింది. చిన్న పాస్టరు నియమాల పుస్తకం అటు తిప్పీ ఇటు తిప్పీ, చెమట తుడుచుకున్నాడు.

"ఇలాంటిదానికి ఇందులో ఏమీ రాయలేదు," అన్నాడు. "కానీ ఒకటి మాత్రం ఉంది. ఓటింగు సమయంలో సభ్యులు కానివాళ్ళు, ఎవరి గురించి ఓటింగో వాళ్ళు, బయట ఉండాలి." ఆయన ప్రూఫులమ్మ వైపు తిరిగాడు. "క్షమించండమ్మా."

"క్షమాపణ దేనికి నాయనా? ఉన్నమాటేగా," అంది ప్రూఫులమ్మ. ముప్ఫై మూడేళ్ళలో మొదటిసారి కలం బల్ల మీద పెట్టేసి బయటికి నడిచింది. వెనకే చేతికర్ర ఊతంతో ఒక్క ఓటు పాస్టరు. వసారాలో చెప్పులు విడిచే చోట ఒక బల్ల ఉంటుంది. సాక్ష్యం చెప్పి సంఘం తీర్పు కోసం ఎదురుచూసే కుర్రకారు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చునే బల్ల అది. ఇద్దరు ముసలివాళ్ళూ దాని మీద పక్కపక్కన కూర్చున్నారు. తలుపు మూశారు. కిటికీ మాత్రం మూయలేదు.

కాసేపు అంతా గోల. తర్వాత దబ్బుమని కర్ర నేలకి కొట్టిన చప్పుడు.

"దర్జీ లేచాడు," అన్నాడు ఒక్క ఓటు పాస్టరు, కళ్ళు మూసుకుని.

దర్జీకి ఇప్పుడు ఎనభై ఒకటి. ఆ రోజు వద్దని చెయ్యెత్తానని ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కనపడ్డవాడికల్లా చాటుకుంటున్న మనిషి. ఒక్క ఓటు పాస్టరు చొక్కాలకి గుండీలు కుడుతూ కూడా, "నీకు ఓటెయ్యలేదయ్యా, మర్చిపోకు," అనేవాడు. ఇన్నాళ్ళకి ఆ దర్జీకి అవకాశం వచ్చింది.

"అందరూ కూర్చోండి!" దర్జీ గొంతు వసారా దాటి వీధిలోకి కూడా వినిపించింది. "ముప్ఫై ఒక్క ఏళ్ళ తర్వాత తేలింది, ఆ రోజు గెలిచింది నేనని. నలభై, నలభై. వీగిపోయింది! మా బావమరిది రావాల్సిన చోటు. వచ్చుంటే ఏమయ్యేదో నాకు తెలుసు. మావాడు మంచివాడే. వెళ్ళిన ప్రతి సంఘంలోనూ ఏడాది తిరక్కుండా తగువు పెట్టుకున్నాడు, అది వేరే సంగతి."

లోపల నవ్వులు. కర్ర మళ్ళీ దబ్బుమంది.

"నవ్వింది చాలు. మా ఆవిడ రెండేళ్ళు మంచాన పడింది, మీకు తెలుసు. కొట్టు మూసి నేను కూర్చోలేను. ప్రతి గురువారం ఆయన వచ్చేవాడు. ప్రార్థన చేసి పోతాడనుకున్నా. పేపరు తీసి మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివి వినిపించేవాడు. సినిమా ప్రకటనలతో సహా! పాస్టరు చదవాల్సినవా అవి అని కసిరితే, ఆవిడ అడిగిందండీ అన్నాడు. పోయేముందు ఆవిడ నాతో ఒక మాటంది. ఆ రోజు మీ పక్కనే కూర్చుని, మీరు కళ్ళు మూసుకున్నప్పుడు, నేను ఆయనకే చెయ్యెత్తానండీ అంది. రెండు చేతులకీ ఓటుంటే బాగుండేది, మీది కూడా కొట్టేసేదాన్ని అంది."

లోపల ఎవరూ నవ్వలేదు. బల్ల మీద ప్రూఫులమ్మ పెదవి కొరుక్కుంది. పక్కపక్కనే కూర్చున్న ఆ మొగుడూ పెళ్ళాలు చెరోవైపు చెయ్యెత్తడం ఆవిడ కళ్ళారా చూసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళూ కడుపులో దాచుకుంది. ఒక్క ఓటు పాస్టరు ఆ మాట వినడం ఇదే మొదటిసారి.

"అందుకని నేను చెప్పేదేమిటంటే," అని దర్జీ గొంతు సవరించుకున్నాడు. "గెలిచినవాడికి ఆ మాత్రం హక్కుంటుంది. వద్దన్న నా చెయ్యి నేను దించేస్తున్నాను. ప్రూఫులమ్మ ఓటు తీసెయ్యండి. ఆ ఖాళీలో నాది పెట్టండి. అప్పుడెంత? చిన్న పాస్టరూ, లెక్క చెప్పవయ్యా!"

"నలభై... నలభై ఒకటండీ."

"మరి? పేరు కూడా మార్చక్కర్లేదు!"

హాలు దద్దరిల్లింది. ఆ గోలలోంచి చిన్న పాస్టరు, ఓటు అలా మార్చుకోవచ్చో లేదో అని ఏదో గొణిగాడు. అయితే ఆనాడు ఓటేసినవాళ్ళే మళ్ళీ వెయ్యాలని దర్జీ పట్టుబట్టాడు. వాళ్ళలో ఇప్పుడు హాల్లో ఉన్నది ఇరవై మూడు మంది. వాళ్ళని ముందుకి పిలిచారు. తలలు వంచి కళ్ళు మూసుకోండని చిన్న పాస్టరు అలవాటుగా అనబోయాడు.

"కళ్ళు మూసుకునేది లేదు!" అంది ఒక ఆడగొంతు. ప్రూఫులమ్మ ఉలిక్కిపడింది. అది వదిన గొంతు. "దాచుకోవాల్సిందేమీ లేదు. తెరుచుకునే ఎత్తుతాం. పిల్లలు కూడా చూడాలి."

బయట ఇద్దరూ కిటికీ వైపు చెవులొగ్గారు. చేతులెత్తితే చప్పుడు రాదు కదా, ఏమీ వినపడలేదు. ఆ కాసేపు వాళ్ళకి ఒక ఏడాదంత సాగింది. తర్వాత చిన్న పాస్టరు లెక్కపెట్టడం వినిపించింది. ఒకటి, రెండు, మూడు. పదిహేను దగ్గర ఆయన ఆగిపోయాడు. మిగతావి హాలంతా కలిసి పైకి అరిచి లెక్కపెట్టారు. ఇరవై ఒకటి. ఇరవై రెండు. ఇరవై మూడు.

వద్దన్న చెయ్యి ఒక్కటీ లేదు.

ఒక్క ఓటు పాస్టరు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ప్రూఫులమ్మ ఆయన భుజం మీద చెయ్యేసి కూర్చుంది. ఆవిడకీ ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

తలుపు తీసి ఆయన్ని మోసినంత పని చేసి లోపలికి తీసుకెళ్ళారు. తర్వాత ప్రూఫులమ్మని పిలిచి అభ్యర్థులు నిలబడే చోట నిలబెట్టారు. సాక్ష్యం చెప్పమన్నారు. ఆవిడ నోటికి నాలుగు మాటల కంటే రాలేదు. "నమ్మాను. పదిహేనేళ్ళప్పుడే నమ్మాను. మునగడం ఒక్కటే మిగిలింది. ముంచండి," అంది. మళ్ళీ బయటికి పంపి, ఓటు పెట్టి, ఆవిడ బల్ల మీద కూర్చోకముందే తిరిగి పిలిచేశారు. ఆ సంఘం చరిత్రలో అంత తొందరగా తేలిన ఓటింగు లేదు. సోమవారం పొద్దున ఆవిడ అచ్చుకాగితం మీద సంతకం చేసిచ్చింది.

నూరేళ్ళ పండగ రోజున తొట్టి అంచుదాకా నింపారు. పగుళ్ళున్నాయేమోనని ముందురోజంతా ముగ్గురు తాపీ మేస్త్రీలు చూశారు. తెల్లని అంగీ దర్జీ కుట్టాడు. నీళ్ళలో పైకి తేలకుండా అంచు మడతలో సీసపు బిళ్ళలు పెట్టి కుట్టడం ఆయన పనితనం. మామూలుగా ఆరు పెడతాడు, ఈసారి పది పెట్టాడు.

"ఏమయ్యా, ముంచడానికా, మళ్ళీ లేవకుండా చెయ్యడానికా?" అంది వదిన.

"మీ ఆడపడుచు సంగతి నీకు తెలియదా? మొహం పైకెత్తే అలవాటుంది," అన్నాడు దర్జీ.

ముంచేది ఒక్క ఓటు పాస్టరే. మోకాళ్ళు ఒప్పుకోవని కూతురు బతిమాలినా వినలేదు. ఒక పక్క చిన్న పాస్టరు పట్టుకుంటే మెట్టు మెట్టుకీ ఆగి దిగాడు. నీళ్ళు ఆయన ఛాతీ దాకా వచ్చాయి. ప్రూఫులమ్మ దిగింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి, ఒళ్ళు ఝల్లుమంది. పలకాల్సిన మాటలు ఆయన పలికాడు. గొంతు ముసలిదైనా ఆఖరి బల్ల దాకా వినిపించింది. ఒక చెయ్యి ఆవిడ వీపు కింద, ఒక చెయ్యి ఆవిడ చేతుల మీద పెట్టి వెనక్కి వంచాడు.

నీళ్ళు చెవుల మీదికొచ్చాయి. చెంపల మీదికొచ్చాయి. నుదురు, కళ్ళు, ముక్కు, అన్నిటినీ కప్పేశాయి. కప్పు లేదు, దూలం లేదు. చీకటి. ఒక్క శబ్దం లేదు. అందరూ చెబుతుంటే తను మాట మార్చేసిన ఆ చీకటి ఇదేనా అనుకుంది. ఎంత బాగుందో అనుకుంది.

పైకి లేచేసరికి దర్జీ తొట్టి అంచున మోకాళ్ళ మీద కూర్చుని, తల లోపలికి పెట్టి చూస్తున్నాడు. "మునిగింది!" అని సంఘమంతటికీ వినపడేలా కేక పెట్టాడు. "ముక్కుతో సహా! నేను సాక్షిని!"

నవ్వులూ పాటా ఒక్కసారే లేచాయి. కాళ్ళకింద నేల అదిరింది. మెట్లెక్కడానికి ఒక్క ఓటు పాస్టరు కాళ్ళు సహకరించకపోతే, నీళ్ళోడుతున్న ప్రూఫులమ్మే ఆయన నడుం పట్టుకుని పైకి తీసుకొచ్చింది. చిన్న పాస్టరు రిజిస్టరు తెరిచి, కొత్త వరసలో ఆవిడ పేరు రాశాడు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఆవిడ ఆ సంఘంలో అందరికంటే కొత్త సభ్యురాలు.

కొత్తగా చేరినవాళ్ళకి సంఘమంతా వరసగా వచ్చి కుడిచెయ్యి అందించడం అక్కడి ఆనవాయితీ. రెండువందల నలభై మంది వరస గుమ్మం దాటి, రాతి పలక పక్కనుంచి వీధిలోకి సాగింది. ఇల్లు దగ్గరే కదా, బట్టలు మార్చుకుని రా, జలుబు చేస్తుందని వదిన చెవిలో పోరుపెట్టింది. ప్రూఫులమ్మ కదల్లేదు. దర్జీ మొదట వచ్చాడు. తర్వాత మిగతా ఇరవై ఇద్దరు. తర్వాత కుట్టుమిషన్లు నేర్చుకున్నవాళ్ళు, వాళ్ళ పిల్లలు, పిల్లల పిల్లలు. వందమంది అయ్యేసరికి మణికట్టు నొప్పి పుట్టింది. ఆవిడ ఎడమచేత్తో కుడి మోచేతిని ఆసరాగా పట్టుకుని, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు చెయ్యి ఇస్తూనే ఉంది.